నల్లని మరియమాత

సలోమి మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తున్నప్పుడు ఆ సంగతి తెలిసింది. "క్రిస్మస్‌కి స్టేజీ వెనకాల మరియమాత బొమ్మ నువ్వే వేస్తావని ఫాదర్‌గారికి మాటిచ్చేశాను. ఎలాగూ ఇంట్లో ఖాళీయేగా" అన్నాడు జయంత్. ఖాళీ! గుంటూరులో డ్రాయింగు టీచరు ఉద్యోగం మానేసి, మొగుడి వీసా మీద గల్ఫులోని ఈ అల్ వక్రాకి వచ్చింది మొదలు ఆమెకు తగులుకున్న మాట అదే. వంట, అంట్లు, బట్టలు, సెలవురోజని ప్రతి శుక్రవారం అతని స్నేహితులకి బిర్యానీ, ఇవేవీ పని కిందికి రావు.

గుడ్డ మీద గీతలు పడ్డాయి గానీ మొహం దగ్గర చెయ్యి ఆగిపోయింది. పక్క ఫ్లాట్లో ఉండే కెన్యా నర్సు వంజీరు టీకి వచ్చి, తమ ఊరి చర్చి గోడ మీది బొమ్మను ఫోన్లో చూపించింది. నల్లని మరియమాత. సన్నసన్నని జడలు. వీపుకి గుడ్డతో కట్టుకున్న బాలయేసు.

"అచ్చం మా అమ్మే. చిన్నప్పుడు నా గోడు మొత్తం ఆమెకే చెప్పుకునేదాన్ని" అంది వంజీరు ఇంగ్లీషులో.

సలోమికి పెళ్ళిచూపుల్లో అత్తగారి మాట గుర్తొచ్చింది. "పిల్ల నలుపేగానీ పనిమంతురాలిలా ఉంది." ఇన్నేళ్ళుగా చర్చిలో మొక్కుతున్న తెల్లని పాలరాతి మరియమాతకి తన కష్టం చెప్పుకోవాలని ఎందుకు అనిపించలేదో ఇప్పుడు తెలిసింది. ఆ వారమంతా ఇంటిపని ముగించుకుని బొమ్మ వేసింది. నల్లని తల్లి, అలసిన కళ్ళు, వీపున బిడ్డ.

"దేవమాతని పనిమనిషిని చేశావేంటి? నలుగురిలో నా పరువేం కాను? తెలుపు వెయ్యి" అన్నాడు జయంత్.

"వెయ్యనండీ."

"నా వీసా మీద ఉన్నావు, గుర్తుపెట్టుకో" అని అతనే బ్రష్షు అందుకుని తెల్లరంగు పూసేశాడు.

శుక్రవారం చర్చి హాల్లో బొమ్మ చూసి ఫాదర్‌గారు తెల్లబోయారు. "ఇదేంటమ్మా, మొహానికి సున్నం కొట్టినట్టుంది?"

"ఈసారి మా ఆవిడకి కుదరలేదండీ" అని నవ్వాడు జయంత్.

సలోమి ముందుకొచ్చింది. "ఆ తెలుపు మా ఆయన వేశారు ఫాదర్. నేను వేసిన మొహం దాని కింద ఉంది."

"ఇంటికి పద" అన్నాడు జయంత్ పళ్ళు బిగించి. కారు అతనిది, ఇల్లు అతనిది. వెళ్ళక తప్పదని ఆమెకు తెలుసు. అయినా ఒక కుర్చీ లాక్కుని ఆ బొమ్మకి ఎదురుగా కూర్చుంది.

"నా ప్రార్థన అవనివ్వండి" అంది.