మట్టల ఆదివారానికి ముందే పండిన ద్రాక్ష

భీమవరంలో రిటైరైన పంతులమ్మ దేవకుమారి పెరట్లో అత్తగారు నాటిన ద్రాక్ష పందిరి ఉండేది. ఇంటి ముందు క్రిస్మస్ నక్షత్రం కట్టిన రోజే తీగ కత్తిరించాలి, మట్టల ఆదివారం దాకా ఒక్క పండైనా కోయకూడదు, ఆ వారంలో పిండిన రసమే ఈస్టరు నాడు చర్చిలో ప్రభు భోజనానికి వెళ్లాలి. ఇది అత్తగారి కట్టడి. ముప్పై ఏళ్లుగా దేవకుమారి ఒక్కసారీ తప్పలేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. రెండువేల మూడులో దానికి నెల ముందే పోయింది. మార్చి సగానికే గుత్తులు నల్లబడ్డాయి.

"నానమ్మా, కోసేద్దామా?" అంది మనవరాలు ఆశాజ్యోతి.

"మట్టలు రాకుండానే? మీ తాతమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

ఆ ఈస్టరుకే ఆశ మొదటిసారి ప్రభు భోజనం తీసుకోబోతోంది. అది ఈ తీగ రసంతోనే జరగాలని దేవకుమారి కోరిక. అందుకే కట్టడి తప్పలేదు. తీరా మట్టల ఆదివారం నాటికి పందిరి నిండా ముడతలు పడ్డ పళ్లే మిగిలాయి.

"ద్రాక్షరసం సీసా కొనుక్కొద్దాం లెండి" అన్నారు పాస్టరుగారు. దేవకుమారి రోజూ పందిరి కిందికి వెళ్లి నిలబడేది.

నాలుగో రోజు పక్కింటి సూర్యకాంతమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "ఏంటి పంతులమ్మగారూ, దిష్టిబొమ్మలా నిలబడిపోయారు?"

సంగతి విని, గోడ చుట్టూ తిరిగొచ్చి ఓ ఎండుపండు నోట్లో వేసుకుంది.

"కిస్‌మిస్ కదండీ ఇది. మా వారికి జ్వరమొస్తే నానబెట్టి, పిసికి రసం పడతాను. మీ దేవుడేమైనా వద్దంటాడా?"

"అడిగి చెప్తానండి" అంది దేవకుమారి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వుతూ.

ఇద్దరూ అరుగు మీద కూర్చుని తొడిమలు తీశారు. పళ్లు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే గుడ్డలో పిండి, మరగబెట్టారు. ఏటా రెండు చెంబులయ్యే రసం ఈసారి ఒక్క గ్లాసే అయింది.

"చాలండి. రొట్టె అందులో అద్ది ఇస్తాను" అన్నారు పాస్టరుగారు.

ఈస్టరు నాడు ఆశ బల్ల దగ్గర్నించి తిరిగొచ్చి, "భలే తియ్యగా ఉంది నానమ్మా" అని గుసగుసలాడింది. దేవకుమారి కళ్లు మూసుకుంది. తీగ కోసం, అత్తగారి కోసం స్తోత్రం చెప్పుకుని, ఆఖర్న గోడ అవతలి మనిషి కోసం ఇంకాస్త ఎక్కువసేపు చెప్పుకుంది.

మరుసటి ఏడు మార్చిలో పండు నల్లబడగానే దేవకుమారి కత్తెర పట్టింది. మొదటి గుత్తి గోడ మీంచి అందించింది.

"అప్పుడే మట్టల ఆదివారం వచ్చేసిందా?" అంది సూర్యకాంతమ్మ.

"ఇంకా మూడు వారాలుందండి. రసం మరగబెట్టి దాచుకుంటాను. ముందు మీరు తినండి."