వెనక సీటు వంతు

ముందు సైరన్ వినిపించింది. కల్యాణదుర్గం రోడ్డు మలుపులో బండి ఇంకా కనపడలేదు, దుమ్మయినా లేవలేదు. కంబదూరు చేలల్లో వేరుశనగ పెరుకుతున్న ఆడవాళ్లు మాత్రం నడుములెత్తారు.

"ఈ పొద్దు ఎవరి వంతే?"

"నాదేలే రామక్కా!" అంటూ రూతు చేతుల మట్టి దులుపుకుని రోడ్డుకేసి పరుగెత్తింది.

సర్కారు అంబులెన్సు ఆ మండలానికి వచ్చినప్పటి నుంచీ అదే పద్ధతి. బండిలో డ్రైవరు ఓబులేష్ ఒక్కడే వస్తాడు. వెనక రోగి పక్కన ఊరి మనిషి కూర్చోవాలి, అది రూలు అని అతనికి పైవాళ్లు చెప్పారు. అతను ఊరికి చెప్పాడు. ఇంటివాళ్లకు ఏడుపులో చేతులాడవు కదా అని, కూలికి పోయే ఆడవాళ్లే వంతులు వేసుకున్నారు. వంతు వచ్చిన దినం కూలి పోతుంది. పోతే పోనీ, ప్రాణం కదా అనుకున్నారు.

ఆ రోజు బండి ఎక్కింది చెన్నప్ప. బోరు వేసే చోట ఇనుప పైపు జారి అతని తలకు తగిలింది. తల దగ్గర రూతు కూర్చుంది, కాళ్ల దగ్గర భార్య ఆంజినమ్మ. కల్యాణదుర్గం దాటాక చెన్నప్ప కక్కుకున్నాడు. రూతు కొంగుతో మూతి తుడిచింది. మళ్లీ కక్కాడు, మళ్లీ తుడిచింది. కదిలితే నొప్పి ఎక్కువవుతుందని వెల్లకిలా ఉన్న తలను పక్కకు తిరగనీకుండా రెండు చేతులా బిగించి పట్టుకుంది. కక్కినదంతా గొంతుకే అడ్డం పడింది.

"ఓబులేషన్నా! ఊపిరి ఆడల్యా! బండి నిలుపు!"

"నిలిపి నేనేం చేసేది తల్లీ? నాకు తోలేదే తెలుసు!"

గొంతు శుభ్రం చేసే యంత్రం ఆమె మోచేతి పక్కనే ఉంది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అనంతపురం చేరేసరికి చెన్నప్ప చనిపోయాడు.

రూతు ఇంట్లో పడి లేవలేదు. "నా చేతుల్లోనే సంపుకొంటినే" అని గోడకు చెప్పుకుంది.

దినాలు కాకముందే విచారణ అన్నారు. మండలాఫీసు ఆవరణలో షామియానా వేశారు. అధికారుల ముందు టీలు, బిస్కెట్ల పళ్లెం. అవతల ఎండలో చెన్నప్ప భార్య. మిత్రులారా, ఆ పళ్లేన్ని మరిచిపోకండి! ఫినాయిలుతో కడిగిన బండి దగ్గరకు రాగానే సర్కారు తరఫున బండ్లు నడిపే కంపెనీ మేనేజరు దివాకర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అదే రుమాలుతో మీసానికంటిన బిస్కెట్ పొడి తుడుచుకుని మాట్లాడాడు.

"మా టెక్నీషియన్‌ను దింపేసి ఎవరో ఆడమనిషి బలవంతంగా బండెక్కింది. ఏమీ తెలియకుండా ప్రాణం తీసింది. ఆమె పేరు చెప్పండి. కేసు పెడతాం."

ఆడవాళ్లు కొంగులు బిగించి ఒకరి పక్కకొకరు జరిగారు.

"ఏమ్మా, నువ్వు బండిలోనే ఉన్నావు కదా?" అన్నాడు ఎస్సై ఆంజినమ్మతో.

"ఏడుస్తాంటి సార్. సూడలేదు."

దివాకర్ వెనక తెల్లకోటు వేసుకుని ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. కోటు మీద మడతల గీతలు ఇంకా పోలేదు. రామక్క అతని ముందుకు పోయింది.

"ఏమప్పా, నువ్వెవరు? ఏ పొద్దూ సూడలేదే."

"వీరేష్, అక్కా. టెక్నీషియన్ని."

"ఆ దినం నిన్ను దింపేసినామంట. యాడ దింపినామో చెప్పు, పోయి సూసొస్తాం!"

జనం నవ్వారు. వీరేష్ నవ్వలేదు. దివాకర్ కళ్లెర్రజేశాడు. కుర్రాడు కోటు గుండీలు విప్పాడు.

"నాది గుత్తి బండి. పొద్దున్నే ఈడికి పట్టకొచ్చినారు. అక్కడ నా బండి ఈ పొద్దు డ్రైవరు ఒక్కడితోనే తిరుగుతాండాది. ప్రతి బండిలో వెనక సీటుకు నా మాదిరి నేర్చినోడు ఒకడుండాల. అదీ రూలు."

ఊరి ఆడవాళ్లు తమ వంతులన్నీ తలచుకున్నారు.

"అంటే మేం కూచునిండేది నీ సీట్లోనా?"

"అవునక్కా."

రామక్క ఉమ్మింది. "థూ! మా కూలి పోయినా, పోనీ అనుకొంటిమి. మా మంచితనాన్ని గూడా మేసినారు కదరా!"

ఓబులేష్ బండి దిగి దివాకర్ వైపు చెయ్యి చూపించాడు. "నేను తోలేదా, వెనక్కి సూసేదా? ఇంకొక మనిషిని ఇయ్యండి సార్ అని అడిగితే, ఉద్యోగం ఉండాల్నా వద్దా అన్నాడు ఈయప్ప!"

షామియానా కింద కుర్చీలు కదిలాయి. ఆడవాళ్లు అధికారుల కార్లకు అడ్డంగా కూర్చున్నారు. బోరు కూలీలు వచ్చారు, హాస్టలు విద్యార్థులు వచ్చారు. నేర్చిన మనిషిని ప్రతి బండిలోనూ పెడతామని చెప్పేదాకా లేచేది లేదన్నారు. ఎస్సై లాఠీ తీశాడు.

"ఆ ఆడమనిషి పేరు చెప్పకపోతే అందర్నీ జీపెక్కిస్తా!"

"ఎక్కించు సామీ," అంది రామక్క. "దాంట్లోనూ వెనక కూచునే వంతు మాదేనా?"

అప్పుడు జనం రెండు పాయలుగా చీలి దారిచ్చారు. ఇన్నాళ్లూ గడప దాటని మనిషి మధ్యలోంచి నడిచి వచ్చింది. ఆంజినమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మే. పట్టకపోతారు."

"పోనీ అక్కా." ఆమె ఎస్సై ఎదుట నిలబడింది. "నేనే కూచునింటి. తెలీక తల పట్టుకొంటి. తెలిసినోన్ని పెట్టకుండా దుడ్లు మిగుల్చుకున్నోళ్లు సంపినారు. కేసు ఆళ్ల మీద పెట్టు. నేను సాచ్చం చెప్తా."

"పేరేమి?"

ఆమె దివాకర్ వైపు తిరిగి, అందరికీ వినిపించేలా పలికింది.

"రూతు."