ఉగ్గు ఉద్యోగం

శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా ఉగ్గు కాలనీ గేటు దాటిపోవాలి. ఎస్టేట్ ఆఫీసు స్టాంపు వేసి మరీ నోటీసు పంపింది.

ఆ పొద్దున హైమావతి కళ్లు తుడుచుకుంటూ పెరుగన్నం కలిపింది. ఉప్పు ఎక్కువైంది. ఉగ్గు ఏ వంకా పెట్టకుండా గిన్నె అడుగుదాకా నాకేసింది.

పటాన్‌చెరు రోడ్డు మీద కొత్తగా లేచిన యంత్రాల కర్మాగారంలో ఆమె భర్త సూర్యప్రకాశరావు ఫోర్‌మన్. తణుకు నుంచి అరవై ఆరులో వచ్చారు, మూడేళ్లయింది. ఆయన షిఫ్టుకి వెళితే క్వార్టర్లో ఆమెకి తోడు ఉగ్గు ఒక్కటే. కిందటేడు స్వదేశం వెళ్లిపోతూ ఒక చెక్ ఇంజనీరు దాన్ని వీళ్ల చేతిలో పెట్టాడు. అసలు పేరు హ్యూగో. హైమావతి నోట్లో పడి ఉగ్గయింది. చేటంత చెవులు, బారెడు ఒళ్లు, జానెడైనా లేని కాళ్లు. రెండు కుక్కలకి సరిపడా ఒళ్లు చేసి, కాళ్ల దగ్గరికొచ్చేసరికి దేవుడికి మట్టి అయిపోయిందని కాలనీలో నవ్వుకునేవారు.

ఆ ఇంజనీరుకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇది ఏ జాతి అని అడిగితే రెండు ముక్కలు చెప్పాడు. సూర్యప్రకాశరావుకి అది ‘బడ్జెట్ డాగ్’ అని వినబడింది. తక్కువ తిండితో గడిచిపోయే రకం కాబోలని, ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ మాటే గొప్పగా చెప్పేవాడు.

కాపలాకి మాత్రం అది కొరగాలేదు. పెరట్లో ఇత్తడి బిందె ఎత్తుకుపోయినవాణ్ణి వీధి మలుపుదాకా తోకూపుతూ సాగనంపింది. దానికొచ్చిన విద్య ఒక్కటే, తవ్వడం. ముందు కొత్తిమీర మడి పోయింది. తర్వాత బట్టలారేసే గుంజ ఒరిగింది. చివరికి పక్కింటి నాగరత్నం చామంతి మడిని ఆనవాలు లేకుండా చేసింది. నాగరత్నం అర్జీ రాసింది, నోటీసు వచ్చింది.

పదింటికి యాదన్న వచ్చాడు. కాలనీ తోటమాలి, ఊరు బొంతపల్లి పక్కన. కుక్కని తనింట్లో పెంచుకుంటానని ఒప్పుకుని, సైకిలు వెనక గంప కట్టుకొచ్చాడు. ఉగ్గుని ఎగాదిగా చూశాడు.

“గిదేం కుక్కమ్మా? ఇప్పుడిది నిలబడ్డదా, కూసున్నదా?”

హైమావతికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తాడు అతని చేతికి అందించబోయింది. సరిగ్గా అప్పుడే ఉగ్గు ముక్కు గాల్లోకి లేచింది. మెడపట్టీలోంచి తల లాగేసుకుని, నేలకి పొట్ట రాసుకుంటూ, తుపాకీ గుండులా దూసుకుపోయింది.

క్వార్టర్ల చివర కాలనీ సరుకుల స్టోరు. దాని వెనక గోడ పగులిచ్చి రెండు నెలలైంది. రెండుసార్లు సిమెంటు పూసినా మళ్లీ విచ్చుకుంటోంది. ఆ గోడ మొదట్లో, పిచ్చిమొక్కల చాటున, ఒక బొరియ ఉంది. హైమావతి రొప్పుకుంటూ చేరేసరికి ఉగ్గు తోక చివర మాత్రం కనిపించింది. మరుక్షణం అదీ లేదు.

భూమి లోపల్నుంచి మొరుగుడు వినబడింది. ఆ పొట్టి కుక్కలో అంత గొంతుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ‘ఉగ్గూ, ఉగ్గూ’ అని బొరియలోకి పిలిచింది. లోపల పాముంటే? పైమట్టి కూలితే? యాదన్న మాత్రం బోర్లా పడుకుని నేలకి చెవి ఆనించాడు. మొరుగుడు కాసేపు అటూ ఇటూ తిరిగి ఒకచోట నిలిచిపోయింది. అతను లేచి అక్కడ మడమతో గీత గీశాడు.

“పిలువకమ్మా. అది చిక్కుకోలె. పందికొక్కును మూలకు నూకి, ఈడ తవ్వుండ్రి అని మనల పిలుస్తున్నది.”

కోతలయ్యాక వడ్ల కోసం పందికొక్కుల బొక్కలు తవ్విన చేతులవి. పది తవ్వితే ఒకటి దొరికేదట. లోపల్నుంచి జాగా చెప్పే కుక్కని ఇన్నేళ్లలో చూడలేదన్నాడు.

“గునపం తీసుకురా, త్వరగా,” అంది హైమావతి.

యాదన్న తెల్లమొహం వేశాడు.

“అదే, ఇనపది, పొడుగ్గా...”

“గడ్డపారనా? గట్ల చెప్పరాదు?”

నాలుగు పోట్లు పడ్డాయో లేదో, ఎస్టేట్ ఆఫీసరు కామరాజు పరుగున వచ్చాడు. పునాది దగ్గర తవ్వుతున్నదెవరని గద్దించబోయి, నేలలోంచి వస్తున్న మొరుగుడు విని ఆగిపోయాడు. అదేం కుక్క అని అడిగాడు. హైమావతి బడ్జెట్ డాగ్ అంది.

కామరాజు ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత తెల్ల ప్యాంటు సంగతి మరిచి మట్టిలోనే చతికిలబడి నవ్వాడు.

“బడ్జెట్ కాదమ్మా, బ్యాడ్జర్. యూరపు దేశాల్లో బొరియల్లో ఉండే జంతువు. దాన్ని పట్టడానికే ఈ జాతిని తయారుచేశారు. లోపల దూరడానికి ఆ కాళ్లు, పైవాళ్లకి వినబడటానికి ఆ గొంతు.”

తన అల్సేషియన్ కూడా అంతేనన్నాడు. పిల్లలు ముందువెనకలుగా నడిస్తే మడమలు కరిచి వరసలో పెడుతుందట. గొర్రెలు కాసిన జాతి, పోలీసు ఉద్యోగం దానికి తర్వాతే వచ్చిందట.

మొరుగుడు ఆగిపోయింది.

యాదన్న గడ్డపార పక్కన పడేసి చేతులతో మట్టి లాగాడు. నడుము లోతున నేల గుంటలా కూలింది. భుజందాకా చెయ్యి పెట్టి తడిమాడు. రెండు వెనక కాళ్లు దొరికాయి. మెల్లగా లాగాడు.

ఉగ్గు వచ్చింది. కళ్లనిండా మట్టి, ముక్కు చీరుకుపోయి నెత్తురు. నోట్లో దాదాపు పిల్లంత పందికొక్కు, కదలడం లేదు. యాదన్న ఎంత బుజ్జగించినా వదల్లేదు. హైమావతిని వాసన చూశాక ఆమె కాళ్ల ముందు పెట్టి, ఒడిలోకి ఎక్కేసింది.

వెనక గుంటలో స్టోరు బియ్యం కుప్ప. దానిమీద పునాదిరాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. కామరాజు గోడకేసి చూశాడు, ఆ గోడ అవతల రోజూ వరసలో నిలబడే ఆడవాళ్లు గుర్తొచ్చినట్టు మొహం పాలిపోయింది. స్టోరు మూయమని చెప్పి పంపాడు. కానీ నోటీసు నోటీసేనని గొణిగాడు. ఇది తవ్వడం మానదు కదా అన్నాడు.

హైమావతి ఆఫీసరుకి ఎదురు చెప్పడం అదే మొదలు.

“మానదండీ. మానితే అది ఉగ్గే కాదు. ఎక్కడ తవ్వాలో చూపించడం మన పని. అది చెయ్యకుండా దాన్ని తిట్టాం.”

“ఆ చామంతి మడి కింద గూడ బొక్కనే ఉంటది సార్,” అన్నాడు యాదన్న. తను మాత్రం తీసుకుపోనని తేల్చేశాడు. నోట్లోది ఎవరి ముందు పెట్టిందో చూసిన తర్వాత గంపలో వేసుకోవడానికి చేతులు రావన్నాడు.

అంతలో గోల విని నాగరత్నం వచ్చింది. పందికొక్కుని చూసి రెండడుగులు వెనక్కి వేసింది. తన చేమదుంపలు నెల నుంచి మాయమవుతున్నాయని నెమ్మదిగా ఒప్పుకుంది. కాసేపు చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

“హైమా, ఆ అర్జీ నేను వెనక్కి తీసుకుంటాలే. రేపు ఉగ్గుని ఒకసారి మా పెరట్లోకి పంపుతావా?”

హైమావతి కొంగు తడిపి ఉగ్గు ముక్కు తుడుస్తోంది. తలెత్తలేదు.

“రేపు కాదు వదినా. ముందు పసుపు రాయాలి. బుధవారానికి గాయం మానితే నేనే తీసుకొస్తాను.”