ఆదివారం ఖాళీ

లోవలక్ష్మి సొంత మేడ మెట్లు ఎక్కి ఎనిమిది నెలలైంది. ఆ మెట్లు కట్టించింది ఆవిడే, పూటపూటా నీళ్ళు పోసి సిమెంటు తడిపింది ఆవిడే. మోకాళ్ళ నొప్పులా అంటే అదీ కాదు. అద్దెకిచ్చాక ఎక్కలేదు, అంతే.

నరసాపురంలో ముప్పై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగిన మనిషి. మెడ ఎముక అరిగిపోయింది, ఇంకా బరువు మోస్తే మంచాన పడతావని డాక్టరు చెప్పాక, ఉన్న కాస్త బంగారం అమ్మి ఇంటి మీద ఒక పోర్షన్ వేయించింది. అద్దె వస్తే గంప దింపొచ్చు, రాకపోతే మళ్ళీ నెత్తికెత్తుకోవాలి. ఇందులో రెండో మాట లేదు.

టులెట్ బోర్డు కట్టిన మూడు నెలలూ వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. "ఇల్లు బాగుందండీ, ఆలోచించుకుని చెప్తాం" అనేవారు. గేటు దాటకముందే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేవారు. చివరికి కాలేజీలో లెక్కలు చెప్పే మణిశంకర్, అతని భార్య ఫణిశ్రీ వచ్చారు. కోనసీమలో ఏదో అగ్రహారం వాళ్ళది. ఉల్లిపాయ కూడా తిథి చూసుకుని తినే రకం. వాళ్ళు చేరతామంటే లోవలక్ష్మి తన చెవుల్ని తానే నమ్మలేదు. పాలు పొంగించిన రోజు పైకెళ్ళి, గుమ్మం బయటే నిలబడి, వాళ్ళిచ్చిన పాలు రెండు గుక్కల్లో తాగేసి దిగొచ్చింది. గంపని కొట్టుగదిలో మేకుకి తగిలించింది.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టాలు వచ్చాయి. మేడ మీద మెత్తళ్ళ చేపలు ఎండబెట్టకూడదు. చేపల పులుసు కాగుతుంటే వంటింటి కిటికీ మూసెయ్యాలి. ముప్పై ఏళ్ళ వాసన సబ్బుకి పోతుందా? అందుకని తను అసలు పైకి వెళ్ళకూడదు.

"మనింట్లో మనం చేపలు తినడానికి దొంగల్లా తలుపులేసుకోవడం ఏంటే?" అని ఆవిడ మొగుడు బుల్లియ్య చెమటలు కక్కుతూ గొణిగేవాడు.

"నోర్మూసుకుని తినవయ్యా. గంప నువ్వు మోస్తావా?"

బుల్లియ్య కంచం మీదికి వంగిపోయేవాడు పాపం.

ఇంత జాగ్రత్తగా ఉంటే, మొన్న శుక్రవారం మెట్ల కింద ఊడుస్తుండగా, పైన మణిశంకర్ ఫోన్లో మాట్లాడుతున్నది చెవిన పడింది.

"ఆ వాసన ఇంక భరించలేకపోతున్నామండీ. ఓనరుగారితో చెప్పాలంటే మొహమాటంగా ఉంది. ఆదివారం పొద్దున్నే ఖాళీ చేసేస్తాం. ఇద్దరు మనుషుల్ని పంపండి, చాలు."

లోవలక్ష్మి చీపురు గోడకి చేర్చి, చప్పుడు కాకుండా లోపలికి వచ్చేసింది.

శనివారమంతా ఇల్లు ఫినాయిలుతో కడిగింది. పొయ్యి మీద పప్పు తప్ప ఇంకేం పెట్టలేదు.

"పోతే పోనీవే. ఇంకోళ్ళు రారా?" అన్నాడు బుల్లియ్య పప్పన్నం కెలుకుతూ.

"ఎవరొస్తారు? నీ ముక్కూ నా ముక్కూ కాక ఈ ఇంటిని ఓర్చుకునే ముక్కు ఇంకోటుందా ఈ ఊళ్ళో?" అని కొట్టుగదిలోకి వెళ్ళింది. మేకున ఉన్న గంపకేసి చూసింది. మెడ దానంతటదే నొప్పెట్టింది.

ఆదివారం తెల్లారేసరికి సున్నిపిండితో ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకుని స్నానం చేసింది. ఇంత పౌడరు రాసుకుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుండగానే గేటు ముందు ఆటో ఆగింది, ఇద్దరు మనుషులు దిగి పైకెళ్ళిపోయారు. వాళ్ళ చేతుల్లో ఏముందో చూసే తీరిక ఆవిడకి లేదు. ఎనిమిది నెలల తర్వాత తన మెట్లు తనే గబగబా ఎక్కింది.

"మేస్టారూ, వెళ్ళిపోకండి బాబూ! చేపలు మానేస్తాం. మా ఆయన చేత కూడా మాన్పించేస్తాను. ఇంకేం చెయ్యమంటే అది చేస్తానండీ!" అంటూ గుమ్మంలోనే ఏడ్చేసింది.

లుంగీ ఎగ్గట్టుకుని బకెట్టు పట్టుకున్న మణిశంకర్ తెల్లబోయాడు.

"మేం ఎక్కడికండీ వెళ్ళేది?"

"ఖాళీ చేసేస్తామన్నారుగా!"

"అయ్యో రామా! ఖాళీ చేసేది ఇల్లు కాదండీ, పైన వాటర్ ట్యాంకు! మూత జరిగిపోయి ఉడత పడింది. నాలుగు రోజులుగా నీళ్ళు ఒకటే కంపు."

కింద వాళ్ళు వాడేది మునిసిపల్ కుళాయి. ఎనిమిది నెలలుగా ఆ ట్యాంకు మొహం చూసినవాళ్ళు లేరు. చూడాల్సిన మనిషేమో మెట్లెక్కడం మానేసింది.

లోపల్నించి ఫణిశ్రీ వచ్చింది. "మీకు చెప్పడానికి భయమేసింది పిన్నిగారూ. ఇదివరకటి ఇంట్లో కుళాయి బాగుచేయించమన్న పాపానికి నెల తిరక్కుండా పొమ్మన్నారు. మీరేమో పాలు తాగి వెళ్ళాక మళ్ళీ ఇటు తొంగి చూళ్ళేదు. మేమంటే ఇష్టం లేదేమో అనుకున్నాం."

లోవలక్ష్మి పై మెట్టు మీద కూలబడింది. గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఏడుపు ఆగకుండానే నవ్వొచ్చింది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నానమ్మా! మరి... మా చేపల వాసన?"

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు.

"వస్తుందండీ. వంటన్నాక వాసన రాదేంటి? మా ఇంగువ మీకు రావట్లేదా?" అంది ఫణిశ్రీ.

"వస్తుందమ్మా," అంది లోవలక్ష్మి. ఆ ఇంగువకి బుల్లియ్య ఎనిమిది నెలలుగా తుమ్ముతున్న సంగతి మాత్రం చెప్పలేదు.

కళ్ళు తుడుచుకున్నాక గాని లోవలక్ష్మిలోని ఇంటి ఓనరు బయటికి రాలేదు. "ట్యాంకు నాది, కడిగించే పని నాది. మీరు డబ్బులివ్వడమేంటండీ?" అని గదమాయించి, కొంగు బిగించి, డాబా మీదికెక్కింది. ఆ ఇద్దరి చేతా రెండుసార్లు తోమించింది. మూతకి తనే తాడు కట్టింది.

మధ్యాహ్నం కొట్టుగదిలోంచి గంప తెచ్చి పెరట్లో కోళ్ళ మీద బోర్లించింది. పొయ్యి మీద చేపల పులుసు పెట్టి వంటింటి కిటికీ బార్లా తెరిచింది. గోదారి గాలి చల్లగా తగులుతుంటే అక్కడే గోడకానుకుని, రెండు రోజుల నిద్ర బాకీ ఏమో, కన్నంటుకుంది.

"పిన్నిగారూ!" పైనుంచి ఫణిశ్రీ కేక. "పులుసు అడుగంటుతోంది, చూసుకోండి!"

లోవలక్ష్మి ఉలిక్కిపడి లేచి గిన్నె దింపింది. పులుసు దక్కింది.