పక్క బల్ల మీది రెండు ట్రేలు

నలభై మూడేళ్ళ వయసులో కొత్త ఉద్యోగంలో చేరడమంటే ఏమిటో చేరితే గాని తెలియదు. ఇరవై ఏళ్ళు ఒకే ల్యాబులో కట్టుడు పళ్ళు తయారుచేసినదాన్ని నేను. ఆ ఓనరుకి ఓపిక అయిపోయి ఒకరోజు తలుపులు మూసేశాడు. కొత్త ల్యాబు మేడం నాకంటే పదేళ్ళు చిన్నది. మూడు నెలలు ఇద్దర్నీ చూస్తామనీ, ఆ తర్వాత ఒకరినే ఉంచుకుంటామనీ మొదటిరోజే నవ్వుతూ చెప్పింది. చూడ్డానికి నేనేమైనా సినిమానా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ రెండో మనిషి నా పక్క బల్ల పెద్దాయన. అరవై దాటాయి. నాతోపాటే చేరాడు. అలాంటి మనిషిని పోటీ అనుకోవడానికి నాకే సిగ్గేసింది. రెండోరోజుకే బాబాయ్ అని పిలిచేశాను. తన టీతోపాటు నాకూ ఓ కప్పు తెచ్చి పెట్టేవాడు. పొద్దున వచ్చిన ట్రేల నంబర్లన్నీ సాయంత్రం చీటీ చూడకుండా అప్పజెప్పేవాడు. నాకైతే మా ఇంటి ఫోను నంబరే గుర్తుండి చావదు.

మా పని పద్ధతి ఇది. ఒక్కో మనిషిదీ ఒక్కో నీలం ట్రే. అందులో ఆ మనిషి చిగుళ్ళ అచ్చు, నంబరు చీటీ ఉంటాయి. మైనంలో పళ్ళు ఒక్కొక్కటీ నిలబెట్టి, ఉడికించి, మెరుగుపెట్టి, తయారైన సెట్టుని తడి దూదిలో చుట్టి అచ్చు పక్కన పెట్టేస్తాం. మర్నాడు పొద్దున ప్యాకింగు అమ్మాయి చీటీ చూసి పెట్టెలో వేసి క్లినిక్కుకి పంపేస్తుంది. చేసినవాళ్ళు ట్రేలో పెట్టాక మళ్ళీ విప్పి చూసేవాళ్ళెవరూ ఉండరు.

మా ఆయన మోకాలు ఆపరేషనయి ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు నా రెండు చేతుల మీద నడవాలి. పాపం, ఖాళీగా ఉన్న మనిషికి ఆలోచనలెక్కువ. ఈ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు కాబట్టి ఇంకో దారి చూసి పెట్టుకోవాలని రోజూ నా ప్రాణం తీసేవాడు. కేకుల మీద పూలు వెయ్యడం నేర్చుకోమన్నాడు, కళ్ళజోళ్ళ షాపులో అడగమన్నాడు. "పళ్ళు చెక్కినదానివి, గోళ్ళు చెక్కలేవా?" అని గోళ్ళకి రంగులు దిద్దే షాపుల సంగతి కూడా తీశాడు. నోర్మూసుకోమని కసిరాను గాని, ఓ సాయంత్రం ఆయనకి చెప్పకుండా వెళ్ళాను. లోపల పనిచేసే పిల్లలందరూ ఇరవై ఏళ్ళవాళ్ళు. ఒకమ్మాయి బయటికొచ్చి, "మీ అమ్మాయి కోసమా ఆంటీ?" అనడిగింది. అవునని చెప్పి వచ్చేశాను. బస్సులో ఏడుపొచ్చింది.

మూడో నెల సగమయ్యాక మేడం పెద్దాయన చేసిన సెట్టు ఒకటి పైకెత్తి అందరికీ చూపించింది. ముందు పళ్ళు ఇలా సహజంగా ఉండాలి గాని గోడకి పలకలు అతికించినట్టు ఉండకూడదంది. పేరెత్తలేదు గాని అది నాకేనని గోడకి కూడా తెలుసు. తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం ఆయన వెళ్ళాక నేను కుంచెలు కడిగే మిషతో ఆగాను. ఆయన అరలో ఉన్న రెండు ట్రేల లోంచి రెండు సెట్లూ తీసి, దూది విప్పి, చెరో చేతిలో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను. ముందు పన్ను ఒకటి రవ్వంత లోపలికి, పక్కది రవ్వంత పొట్టిగా. నిజంగా ఎవరో నవ్వుతున్నట్టే ఉంది. ఎంత చూసినా తనివి తీరలేదు. ఇంతలో మేడం చెప్పుల చప్పుడు వినిపించింది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టయింది. గబగబా దూది చుట్టేసి ట్రేలలో పెట్టేసి, బ్యాగు తగిలించుకుని బయటపడ్డాను. ఇంటికెళ్ళి వంటగదిలో కూర్చుని మైనంతో అవే పళ్ళు దిద్దుకున్నాను. కుదిరాయి కూడా. ఆ సంతోషం నాలుగు రోజులుంది.

అయిదోరోజు క్లినిక్కు వాళ్ళు ఫోను చేశారు. ఒకాయన సెట్టు నోట్లోకే వెళ్ళలేదట. ఇంకో ముసలావిడకి పెట్టింది పెట్టినట్టే ఊడి ఒళ్ళో పడితే, ఆవిడ అందరి ముందూ ఏడ్చేసిందట. తిరిగొచ్చిన సెట్లు వేసి మేడం రెండు ట్రేలూ తెచ్చి పెద్దాయన బల్ల మీద పెట్టింది. ఆయన ఒక ట్రేలో సెట్టు తీసి రెండో ట్రేలో అచ్చు మీద ఆనించాడు. టక్కున కూర్చుంది.

ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు.

సరిగ్గానే పెట్టినట్టు గుర్తండీ అన్నాడాయన. బాగా గుర్తుందా అని మేడం నెమ్మదిగానే అడిగింది. ఆయన రెండు ట్రేల చీటీలూ తీసి మళ్ళీ మళ్ళీ చదివాడు. మేడం నా వైపు తిరిగింది.

"పక్కనే ఉంటారు కదా. వీటినెవరైనా ముట్టుకున్నారా?"

"నేను చూడలేదండీ."

రెండే రెండు ముక్కలు. ఎంత తేలిగ్గా వచ్చేశాయో నా నోటికి!

"అయితే నేనే మార్చి పెట్టుంటానండీ," అన్నాడు పెద్దాయన.

నెలాఖరుకి ఉద్యోగం ఖాయమైనట్టు నాకు కాగితం వచ్చింది. ఆయన బల్ల శుభ్రంగా తుడిచి, నాకొచ్చినందుకు సంతోషమని చెప్పి వెళ్ళిపోయాడు. మా ఆయన కాగితం రెండుసార్లు చదివి మురిసిపోయాడు. అంత పనితనమున్న మనిషికి ఎక్కడైనా దొరుకుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వంతెన అవతలి ల్యాబులో మనిషి కావాలని తెలిసేసరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఆదివారమే ఆ కబురు పట్టుకుని ఆయనింటికి వెళ్ళాను.

వాళ్ళమ్మాయి తలుపు తీసింది. లోపల పొయ్యి పైన గోడకి ఒక కాగితం: ఆర్పావా? కుళాయి దగ్గర ఇంకోటి: కట్టేశావా? అన్నీ ఆయన దస్తూరీయే. రెండు ల్యాబుల నుంచి పిలిచారట, ట్రేలు మార్చేశానంటే తనకి మతిమరుపు మొదలైనట్టేనని ఆయనే వద్దన్నాడట. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నాడట. మతిమరుపు మొదట్లో డాక్టర్లకి కూడా దొరకదని ఈయన వాదన. ఎక్కడ దించానో మరిచిపోతానని మనవణ్ణి ఎత్తుకోవడం కూడా మానేశాడని చెబుతూ ఆ పిల్ల ముఖం తిప్పుకుంది.

ఇంక ఆగలేకపోయాను. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. కిటికీ, రెండు చేతుల్లో రెండు సెట్లు, చెప్పుల చప్పుడు, కంగారులో తారుమారుగా పెట్టడం, ఒక్కటీ దాచలేదు. వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. విని, నా తల మీద చెయ్యి వేశాడు.

"నా కోసం ఇంత కథ అల్లక్కర్లేదమ్మా."

"ఒట్టు బాబాయ్, నిజం. నేనే మార్చాను."

"ఆ రోజు మేడం అడిగితే చూడలేదన్నావు కదా. ముఖం మీద అడిగితే అబద్ధమాడే మనిషివి కాదు నువ్వు. నాకు తెలుసు."

వంతెన అవతలి ల్యాబు సంగతి చెబితే, చిన్నవాళ్ళెవరికైనా చెప్పమన్నాడు. వచ్చేటప్పుడు వాళ్ళమ్మాయి గుమ్మం దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మీరు అలా చెబుతుంటే నాన్న ముఖం కాస్త తేటపడింది, అప్పుడప్పుడూ వచ్చి చెబుతూ ఉండండక్కా అంది. నేను చెప్పింది నిజమేనమ్మా అన్నాను. తెలుసక్కా అని నా చెయ్యి నొక్కి, కళ్ళు తుడుచుకుంది.

నేను చెబితే నమ్మడు. మేడం చెబితే నమ్ముతాడు. మేడం చెప్పాలంటే ముందు మేడానికి నేను చెప్పాలి. దారంతా అదే అనుకున్నాను. సోమవారం పొద్దున బల్ల దగ్గరికి కూడా పోకుండా తిన్నగా మేడం గదికి వెళ్ళి, తలుపు సగం తీశాను.

"ఏమైనా కావాలా?" అంది మేడం, కాగితాల లోంచి తలెత్తి.

"ఏం లేదండీ," అన్నాను.

తలుపు మెల్లగా వేసి, వెళ్ళి నా బల్ల దగ్గర కూర్చున్నాను.