ఎర్రగుట్టను చుట్టిన కిత్తనార తాడు

నేను ఒక కిత్తనార తాడును. నన్ను పేనింది ఎర్రగుట్ట కింది పల్లెలో మేకలు కాసుకునే ఓబుళమ్మ. మట్టలు కోసి వంకనీళ్ళలో నానేసి, బండ మీద బాది పీచు తీసి, తొడ మీద పెట్టుకుని పురి తిప్పింది. ఏ మంచానికో, ఏ బావికో పోతాననుకున్నాను. పుట్టినవాళ్ళకు పోయే చోటు ముందే తెలుస్తుందా, చెప్పండి!

ఆ ఏడు వాటర్‌షెడ్ పథకమని ఆఫీసు మనుషులొచ్చారు. వంకలోకి నీళ్ళు జారే గుట్టలన్నిటి మీదా ఏ చెట్లున్నాయి, ఏ గడ్డి మొలుస్తోంది, ఏ జీవాలు తిరుగుతున్నాయి, అంతా రాసుకోవాలట. రాసే పని పరిమళ అనే పిల్లది. ఆమె తెచ్చిన టేపు రాళ్ళ మీద ఈడ్చీ ఈడ్చీ తెగిపోతే, ఓబుళమ్మ దగ్గర నన్ను అడిగి తీసుకుంది. నేను పొడిగా ఉన్నప్పుడే, తెగిన టేపు ముక్కతో కొలిచి పది మీటర్లకొక ముడి చొప్పున నాలుగు ముడులు వేసింది. నాలుగు మేకులు కొట్టి నన్ను చదరంగా చుట్టేవాళ్ళు. చదరం ఎక్కడ పడాలో ముందే కాగితం మీద ఉంటుంది, జరపడానికి లేదు. నా లోపలున్నది లెక్క. బయట ఉన్నది లేనట్టే. బోదగడ్డి దుబ్బు సగం లోపల, సగం బయట ఉంటే ఇద్దరు చదువుకున్నవాళ్ళు గంటసేపు వాదులాడుకునేవాళ్ళు. గడ్డికి ఆ సంగతి తెలియదు పాపం, గాలికి ఊగుతూ ఉండేది.

ఎర్రగుట్ట మీద చివరి చదరం పరిచిన రోజు పొద్దున్నే జల్లు పడింది. నేను బాగా తడిశాను. మేకలను కింద వదిలి చూడటానికి వచ్చిన ఓబుళమ్మ ముందరే అలాగే పరిచారు. నాకు జానెడు అవతల, గడ్డి మొదట్లో, ఎక్కడో గాని కనబడని నేలనెమలి పిట్ట గూడు. నాలుగు గుడ్లు.

“బయటుంది. గూడు లేదని రాయమ్మా,” అన్నాడు పై అధికారి చెన్నకేశవులు.

“కండ్ల ముందర పెట్టుకోని లేదని ఎట్ల రాసేది సార్?” అంది పరిమళ.

“తాడు లోపలుంటేనే రాయాల. రాస్తే గుట్టంతా మూసేస్తారు. తవ్వే మిషనూ రాదు, మేకా రాదు. రాయకపోతే కందకాలు తవ్వుతారు, అవ్వ మేకలూ మేస్తాయి. ఏమవ్వా, నీకు మంచిదే గదా?”

“మంచిదే నాయనా. ఈ గుట్ట గాక నా మేకలకు ఇంగ యాడుంది?” అంటూ ఓబుళమ్మ వంగి నన్ను పట్టుకుంది. ఆమె బొటనవేలు నా పురి మీద ఆగిపోయింది.

ఆమెకు తెలిసిపోయింది. నాకు ముందే తెలుసు, కానీ తాడుకు నోరేది? ఆమె నోరు మెదపకుంటే అడిగేవాడు లేడు. కింద పద్నాలుగు మేకలు రేగుకంప కొరుకుతున్నాయి. వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

“పాపా, తడిసిన కిత్తనార ముడుచుకుంటాది. ఎండబెట్టి మళ్ళా పరుచు,” అంది.

“నీ నోటికాడి కూడు నువ్వే తీసుకుంటాండావే అవ్వా!” అన్నాడు చెన్నకేశవులు.

“తీసుకుంటి పో. నేను పేనిన తాడు సార్ అది. గుడ్లు పొదిగే తల్లి ముందర దాంతో అబద్ధం చెప్పిస్తానా?”

నన్ను బండల మీద సాగదీసి ఎండబెట్టారు. పొద్దు వాలాక మళ్ళీ పరిస్తే, ప్రతి పక్కా మూరెడు పెరిగాను. గూడు లోపలికొచ్చింది. పరిమళ గూడు గడిలో ‘ఒకటి’ అని రాసి, అవ్వ మొహం చూడలేక కాగితాలు సర్దుకుంది.

గుట్టను మూసేశారు. చుట్టూ కంప వేశారు. కొత్త టేపు వచ్చింది కాబట్టి నన్ను కంపతడిక కట్టడానికి వాడారు. అవ్వ మేకలు ఇప్పుడు రెండు కోసుల దూరం పోయి మేసి రావాలి. అంతదూరం తోలలేక అమ్ముకోగా పద్నాలుగింటిలో ఆరు మిగిలాయి.

మరుసటేడు వానలకు గుట్ట మీద గడ్డి మోకాలెత్తు లేచింది, నేలనెమలి మళ్ళీ వచ్చి గూడు కట్టింది. ఒకరోజు ఒక మేక తలతో కుమ్మితే నా ముడి జారి, తడిక వారగా తెరుచుకుంది. మేకలు ఆరూ లోపలి పచ్చదనం చూసి గొంతెత్తి అరిచాయి. కావలివాడు లేడు. దోవన మనిషి లేడు. ఓబుళమ్మ వచ్చి నా మీద చెయ్యి వేసింది. నిజం చెబుతున్నాను, విప్పేస్తే బాగుండుననే అనుకున్నాను.

ఆమె అన్నిటికన్నా ముందున్న మేకను చెవి పట్టి వెనక్కి లాగింది. నా రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, మోకాలు ఆనించి ముడేసింది.

“అరవగాకండే,” అంది మేకలతో. “లోపల బాలింత ఉంది. మనం సుట్టుదోవన పోదాం పదండి.”