పొద్దుగూకితే ఎరుపెక్కే రాయి

"అయితే రైటు చేతికేనా?" అన్నాడు మా బావ.

జబ్బార్ భాయ్ చెప్పింది "అలెగ్జాండ్రైట్" అని. మా బావ భీమరావు చెవికి చేరింది చివరి ముక్క ఒక్కటే. అంతకుముందే ఎడమచేతి వేలికి కొలత ఇచ్చిన మనిషి, గబుక్కున కుడిచెయ్యి చాపాడు.

"ఏ చేతికైనా ఏసుకో సాబ్. అది రాయి పేరు," అన్నాడు జబ్బార్ భాయ్ నవ్వాపుకొని.

"పేరులోనే రైటు పెట్టుకోనుండాదే, లెఫ్టుకు ఏస్తే అలగదా?"

ఇరవై ఏళ్ళ కిందటి మాట. మదనపల్లెలో టమాటా మార్కెట్టుకు పోయే దారిలో ఒక సందు, ఆ సందులో ఒక బల్లా ఇద్దరు మనుషులూ పట్టేంత అంగడి. జబ్బార్ భాయ్ అక్కడ రాళ్ళకు సాన పట్టి ఉంగరాల్లో పొదిగేవాడు. సాన పట్టేవాడు శానా మంచోడు అని నేనే ఒక మాట కట్టి ఊరంతా తిప్పాను. నా పేరు దొరస్వామి. పుంగనూరులో పెళ్ళిపత్రికలు వేస్తాను. 'అచ్చుకు మాత్రమే డబ్బులు, హల్లులు ఉచితం' అని అంగడి బోర్డు మీదే రాయించాను. మొదటిసారి బావ ఫోన్ చేసి "రాయి, దొరా" అంటే, "ఏమి రాయాల, పత్రికా శుభలేఖా?" అని పెన్ను మూత తీశాను.

ఆ రాయి బావ నర్సీపట్నం దిక్కున క్వారీ పనికి పోయినప్పుడు కొన్నది. చింతగింజంత ఉంటుంది. మాసిపోయిన ఆకుపచ్చ. సీసాపెంకు అనుకున్నాం. జబ్బార్ భాయ్ దాన్ని కిటికీ దగ్గర పెట్టి చూశాడు, తర్వాత బల్ల మీద వేలాడే బల్బు కిందికి తెచ్చాడు. పచ్చ ఉన్నచోట ఎరుపు. దానిమ్మగింజ ఎరుపు.

బావ నోరు తెరిచినవాడు మూయలేదు.

"రష్యాలో, పచ్చల గనిలో దొరికిందంట మొదట," అని చెప్పాడు జబ్బార్ భాయ్. "పగలంతా పచ్చే అనుకున్నారు. సాయంత్రం కొవ్వొత్తి కాడ పెడితే ఎర్రగా అయిపాయ. ఆడి యువరాజు పేరు అలెగ్జాండర్, ఆ పేరే పెట్టేసినారు. ఇది పుట్టాలంటే భూమిలో రెండు ధాతువులు కలవాల సాబ్. అలిగిన వియ్యంకుల మాదిరి ఒకదాని ఇంటికి ఇంకోటి పోదు. యాడో ఒకచోట పోతాది. ఆడ పుడతాది ఈ రాయి."

కొవ్వొత్తి అనే మాట ఆ రోజే చెప్పాడు ఆయన. నేను అప్పుడు వియ్యంకుల మీద ఏం జోకు వేయాలా అని చూస్తున్నాను.

బావ పద్దెనిమిదేళ్ళు ఆ ఉంగరం కుడిచేతికే పెట్టుకున్నాడు. కుప్పంలో వాళ్ళ ఇల్లు. నడవలో ఒక పాత గుండుబల్బు ఉండేది, లోపల తీగ ఎర్రగా కాలే రకం. పొద్దుగూకి స్విచ్చి వేయగానే బావ చెయ్యెత్తి కేక పెట్టేవాడు. "పార్వతీ! పచ్చమ్మ పాయ, ఎర్రమ్మ వచ్చె!" మా అక్క పార్వతమ్మ వంటింట్లో నుంచి, "వస్తే రానీ, కాఫీ ఇయ్యల్నా దానికి?" అనేది. అంటూనే వచ్చి చూసేది. రోజూ అదే మాట, అదే జవాబు. నేనే విసుక్కునేవాణ్ణి, వాళ్ళు మాత్రం విసుక్కోలేదు.

బావ పోయాక ఆ ఉంగరం అక్క వేలికి వచ్చింది. వదులు. కిందివైపు దారం చుట్టి పెట్టుకుంది. సాయంత్రమైతే నడవలోకి వచ్చి తానే స్విచ్చి వేసేది, తానే చెయ్యెత్తి చూసుకునేది. కేక లేదు. ఎర్రమ్మ వచ్చేది. రెండు నిమిషాలు చూసుకొని అన్నం వండుకోవడానికి పోయేది. ఒకసారి నేను ఉన్నప్పుడే, "ఈ రెండు నిమిషాలు మీ బావ ఇంట్లో ఉన్నట్టుంటాదిరా," అంది. నాకు జోకు తట్టలేదు. అట్లాంటి సందర్భాలు నా జీవితంలో తక్కువ.

దారం తడిసి వేలు పాసిపోతోందని, పోయినేడు ఉంగరాన్ని బిగువు చేయించమని నాకిచ్చింది. నేను తీసుకుపోయి జబ్బార్ భాయ్ చేతిలో పెట్టాను. వారం పట్టింది. ఆ వారంలోనే కుప్పంలో నడవ బల్బు కాలిపోతే, బెంగుళూరు రైల్లో రోజూ ఉద్యోగానికి పోయి వచ్చే అక్క కూతురు అనిత కొత్త ఎల్ఈడీ బల్బు కొనుక్కొచ్చి వేసింది. తెల్లగా, పట్టపగలు లాగా వెలుతురు. అక్క కూడా మెచ్చుకుంది.

బిగువు చేసిన ఉంగరం అక్కకు ఇచ్చి వచ్చిన సాయంత్రమే ఆమె ఫోన్.

"దొరా... రంగు మారలేదురా."

"ఏమి రంగు?"

"ఎర్రమ్మ రాలేదురా. స్విచ్చి ఏసి అరగంట కూర్చున్నా. పచ్చగానే ఉండాది."

మరునాడే కుప్పం పోయాను. నడవలో చూశాం. వంటింట్లో చూశాం. ఉంగరం తీసుకొచ్చి నా అంగడి ట్యూబులైటు కింద చూశాను, సెల్‌ఫోన్ టార్చి వేసి చూశాను. పచ్చ. పచ్చి పచ్చ.

జబ్బార్ భాయ్‌కి ఫోన్ చేశాను. రంగు ఎందుకు మారడం లేదని అడిగి ఉండాల్సింది. నేను అడిగింది అది కాదు. "భాయ్, రాయి మార్చినావా?" అన్నాను.

"ఉంగరం తెచ్చి నా బల్ల మీద పెట్టు దొరా భాయ్. నేను సూపిస్తా," అన్నాడు. అంతే, పెట్టేశాడు.

"ఇంకోసారి ఆ చేతికిచ్చేది లేదు," అంది అక్క. "ఉండేది కూడా పోతాది." నాకూ అదే తోచింది. మదనపల్లె పోలేదు.

ఆ బాధలో ఇంట్లో కూర్చున్నా బాగుండేది. పుంగనూరు బస్టాండు పక్కన ఆంజనేయులు టీ అంగడిలో కూర్చున్నాను. పది మంది ఉన్నారు. విషయం చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. అయ్యో అంటే నాకు సరిపోదు. నాకు నవ్వు కావాలి.

"పొద్దుగూకితే ఎరుపెక్కాల్సింది రాయి," అన్నాను గట్టిగా. "రాయి ఎక్కలా. ఇంక ఎరుపెక్కాల్సింది జబ్బార్ భాయ్ మొగమే!"

ఆంజనేయులు పాలగిన్నె దించి మరీ నవ్వాడు. గంగవరం నుంచి ఆవుల బేరానికి వచ్చే వెంకటముని అని ఒక పెద్దాయన, "ఇంకోసారి సెప్పప్పా, మా ఊర్లో సెప్పుకుంటా," అని అడిగి మరీ చెప్పించుకున్నాడు. నేను చెప్పాను. రెండోసారి ఇంకా బాగా చెప్పాను.

నా జోకు బస్సెక్కి మదనపల్లె పోయింది. టికెట్టు కూడా లేకుండా.

మునుపు జనం రాళ్ళు జబ్బార్ భాయ్ బల్ల మీద పడేసి, చీటీ కూడా అడగకుండా, మార్కెట్టులో టమాటా వేలం చూసుకొని తిరిగొచ్చేవాళ్ళు. ఇప్పుడు ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టారంట. రాయి మీద నుంచి చూపు తిప్పకుండా, ఆయన వేళ్ళ వంకే చూస్తూ. సందులో కుర్రకారు, "ఏం భాయ్, మొగం ఇంకా పచ్చగానే ఉండాదే!" అని పోయేవాళ్ళంట. మూడు నెలలకు అంగడి మూసి, బల్లా బల్బూ ఇంటికి మోసుకుపోయాడు. ఇవన్నీ ఆయన కొడుకు ఇర్ఫాన్ తర్వాత చెప్పాడు. అప్పుడు నాకు తెలిసింది అంగడి మూసేశాడని ఒక్కటే. 'తప్పు చేశాడు గనకనే మూశాడు' అనుకున్నాను.

మొన్న చలికాలంలో జబ్బార్ భాయ్ పోయాడు. సానరాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో ఎప్పటి నుంచో ఉందంట.

ఖననానికి పోయాను. నమాజుకు ముందు ఇర్ఫాన్ అందరికీ వినబడేట్టు అన్నాడు. "మా నాయన ఎవురికైనా ఏమైనా ఇయ్యాల్సి ఉంటే నన్ను అడగండి. లేదంటే మాఫ్ చేయండి." వాళ్ళలో అది ఆనవాయితీ. నేను వెనక వరుసలో నిలబడి చెప్పులు చూసుకున్నాను.

వారం తర్వాత ఇర్ఫాన్ ఫోన్ చేశాడు. "దొరా మామా, మీ అక్కను ఒకసారి పిల్చుకొస్తావా? అమ్మీ ఇద్దత్‌లో ఉండాది, నాలుగు నెల్ల పది దినాలు గడప దాటకూడదు. లేకుంటే తానే వచ్చేది. నాయన మీద ఉండే మాట రాయి మార్చినాడనేది ఒక్కటే. మీ అక్క నోటితో మాఫ్ అంటే సాలు."

అక్క మొదట రానంది. తర్వాత, "మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడది పిలిస్తే పోకుండా ఎట్లారా?" అని తానే చీర మార్చుకుంది.

సాయంత్రానికి మదనపల్లె చేరాం. ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి ముందుకు పరాయి మగవాడు పోకూడదు. నేను వరండాలో, పరదాకు ఇవతల కూర్చున్నాను. మాటలు వినబడుతున్నాయి.

"ఇది నా ముక్కుపుల్లమ్మా," అంది జబ్బార్ భాయ్ భార్య అజీజాబీ. "నిఖా నాడు ఆయన పెట్టినది. మంచి రాయి. దీన్ని తీసుకొని ఆయన్ని మాఫ్ చెయ్యి."

"వద్దు తల్లీ, వద్దు. నేను దానికి రాలేదు," అంది అక్క ఏడుస్తూ. "మాఫ్ అంటాండాను. ఎప్పుడో అనేసినా."

"అయితే ఆ ఉంగరమన్నా సూపించు. నలభై ఏళ్ళు ఆయన అన్నం తిన్నా. నా మొగుడు ఏం రాయి మార్చినాడో నేను సూడాల. కండ్లు సరిగా ఆనవు... ఇర్ఫాన్, నాయన బల్ల కాడ బల్బు ఏయ్."

స్విచ్చి టక్కుమంది. పరదా అంచున పసుపురంగు వెలుతురు కనబడింది.

తర్వాత మా అక్క గొంతు. "ఎర్రమ్మా..." అంది. అంతే. మళ్ళీ, "ఎర్రమ్మ వచ్చెనే..." అని బావురుమంది.

ఇర్ఫాన్ ఆ బల్బు ఊడదీసి తెచ్చి వరండాలో తగిలించాడు, నాకు చూపించడానికి. అక్క చెయ్యి పరదాలో నుంచి బయటికి వచ్చింది. కుడిచెయ్యి. దానిమ్మగింజ ఎరుపు. ఆ బల్బు ఆర్పి, పక్కనున్న తెల్ల ఎల్ఈడీ వేశాడు. పచ్చ. మళ్ళీ మార్చాడు. ఎరుపు.

"తీగ బల్బులో కొవ్వొత్తి మాదిరి ఎర్ర వెలుతురు ఎక్కువ మామా," అన్నాడు. "ఈ తెల్ల దీపాల్లో అది తక్కువ, పగటి వెలుతురు మాదిరే. రాయి అదే. మీ ఇంట్లో మారింది బల్బు."

"ఆ మాట ఆయన నాతో అనొచ్చు కదయ్యా!"

"రాయి మార్చినావా అని అడిగినావంట కదా. ఆ మాట విన్నాక నాయన ఎవురికీ ఏమీ సెప్పలా. బల్ల మీదికి తెస్తే సూపిస్తా అన్నాడు. ఆ బల్బు కాలిపోతే ఎట్లా అని, పాత అంగళ్ళన్నీ తిరిగి ఇంకో రెండు కొని పెట్టినాడు. మీరు వస్తారని."

పరదా వెనక నుంచి అజీజాబీ అంది. "దొరా భాయ్, నీ జోకులు ఇంటికొచ్చి మాకు సెప్పి నవ్వేవాడు ఆయన. అదొక్కటి సెప్పలేదు. సందులో పిల్లోళ్ళు అరిస్తే నాకు తెలిసె. ఆ మాట గట్టిగా సెప్పినావంట. ఇది కూడా అంతే గట్టిగా సెప్పు."

మరునాటి సాయంత్రం ఆంజనేయులు టీ అంగడికి పోయాను. అక్క ఉంగరం ఇచ్చింది, ఇర్ఫాన్ బల్బు ఇచ్చాడు. నన్ను చూడగానే, "దొర వచ్చినాడు, ఇంక టీలో సక్కెర తగ్గించొచ్చు!" అన్నాడు ఆంజనేయులు. జనం దగ్గరికి జరిగారు. వెంకటముని కూడా ఆవుల సంత ముగించుకొని బస్సు కోసం కూర్చుని ఉన్నాడు.

నేను బల్ల ఎక్కి అంగడి దీపం ఊడదీసి, ఆ గుండుబల్బు తగిలించాను. ఉంగరం దాని కింద పట్టాను. మళ్ళీ తెల్ల దీపం వేసి పట్టాను. రాయి మారలేదని చెప్పాను. బల్బు ఎప్పుడు మారిందో చెప్పాను. ఆయన తెమ్మంటే మేం తీసుకుపోలేదని చెప్పాను. నేను అడిగిన ప్రశ్న తప్పని చెప్పాను. నా గొంతు పెద్దదే గనక బస్టాండు దాకా వినిపించే ఉంటుంది.

ఎవరో, "అంతేనా? జోకు యాడప్పా?" అన్నారు.

"లేదప్పా," అన్నాను.

వెంకటముని లేచి వచ్చి ఉంగరాన్ని చేతిలోకి తీసుకొని బల్బు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహమంతా నవ్వు. "అబ్బ! అయితే ఆ సాయిబు మంచోడేనప్పా! నేను మా ఊర్లో ఎంతమందికి సెప్పినానో ఆ మాట. యాల ఈడ ఉండావు దొరా? మదనపల్లె బస్సు నిలబడుండాది సూడు. పోయి ఆయప్పకి సెప్పు, సంతోషపడతాడు!"

బల్ల మీద నుంచి దిగాను. ఆ ఒక్క సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది, అందరికీ.